యురేనస్ దగ్గర ఆగాలంటే లెక్క అటు చివర నుంచి మొదలుపెట్టాలి

ప్రశ్న సంక్షిప్తంగా: హనుమకొండలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నలుగురు విద్యార్థులు యురేనస్ చుట్టూ కక్ష్యలో తిరిగే నౌకను కాగితం మీద డిజైన్ చేస్తున్నారు. వారి అంకెలు ఇవి: నౌక బరువు 500 కిలోలు, సోలార్ ప్యానెళ్లు 60 చదరపు మీటర్లు, యాంటెన్నా 3 మీటర్లు, ప్రయాణం 8 ఏళ్లు, రోజుకు 1 జీబీ డేటా. "మా సార్ కుదరదన్నారు, ఎక్కడ కుదరదో చెప్పలేదు. ఏం మార్చాలి?" అని అడిగారు.

సార్ అన్నది నిజమే. కానీ మీ అంకెల్లో మొదటి నాలుగూ గాలిలోంచి పుట్టినవి కావు. 60 చదరపు మీటర్ల ప్యానెళ్లు బృహస్పతి దగ్గరికి పోయిన నాసా నౌక జూనోవి. 500 కిలోలు అంటే ప్లూటోను దాటిపోయిన న్యూ హొరైజన్స్, దాని బరువు 478. ఎనిమిదేళ్లలో యురేనస్ చేరింది వోయేజర్-2. దాని డిష్ 3.7 మీటర్లు, మీది కాస్త చిన్నది. ఒక్కో అంకెకు ఒక్కో నౌక అప్పిచ్చింది, తకరారంతా అక్కడే ఉంది. ఈ అంకెలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి లాగితే ఇంకోటి కదులుతుంది. అందుకే భూమి దగ్గర మొదలుపెట్టి అటు పోవద్దు. యురేనస్ దగ్గర ఎన్ని వాట్లు, ఎన్ని బిట్లు, ఎంత బరువు మిగలాలో ముందు రాసుకొని వెనక్కి రండి.

దూరం మనసుకు పట్టాలంటే ఇలా అనుకోండి. సూర్యుడు హనుమకొండలో ఉన్నాడు, యురేనస్ 145 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో ఉంది. ఈ కొలతలో భూమి ఏడున్నర కిలోమీటర్లకే వస్తుంది, అంటే కాజీపేట దాటిన కాసేపటికే. బృహస్పతి 39వ కిలోమీటరు దగ్గర, జనగామ ఇంకా రాలేదు. జనగామ దాటాక 72వ కిలోమీటరు దగ్గర శని. అంటే శనిని చేరినా సగం దారే అయింది. "జూనో సోలార్‌తో పోయింది కదా" అనే వాదన జనగామ ఇవతలే ఆగిపోతుంది.

ముందు కరెంటు చూద్దాం. భూమి దగ్గర చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ పడుతుంది. దూరం వర్గానికి ఇది తగ్గుతుంది కాబట్టి బృహస్పతి దగ్గర 50, శని దగ్గర 15, యురేనస్ దగ్గర 3.7, నెప్ట్యూన్ దగ్గర 1.5 వాట్లు మాత్రమే. జూనో ప్యానెళ్లు భూమి దగ్గర సుమారు 14 కిలోవాట్లు ఇవ్వగలవు, అంటే బాయికాడి ఐదు హెచ్‌పీ మోటర్లు దాదాపు నాలుగు నడుస్తాయి. బృహస్పతి దగ్గర అవే ప్యానెళ్లకు దాదాపు 500 వాట్లే వచ్చాయి. వాటినే యురేనస్‌కు తీసుకుపోతే లెక్క ప్రకారం 37 వాట్లు. ఒక సీలింగ్ ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు. అసలు పరిస్థితి ఇంకా కొంచెం అధ్వానంగా ఉంటుంది, ఎందుకంటే చలి, మసక వెలుతురు కలిసినప్పుడు కొన్ని సెల్స్ వర్గ నియమం చెప్పినదాని కంటే ఎక్కువ పడిపోతాయి. 450 వాట్లు కావాలంటే ఏడు వందల చదరపు మీటర్ల పైన ప్యానెల్ పరచాలి. మన లెక్కలో ఏడు గుంటల జాగా! దాన్ని మడిచి రాకెట్ ముక్కులో పెట్టి, అక్కడ విప్పి, ఊగకుండా తిప్పాలి. ఈ దారి వదిలేయండి.

మిగిలింది ఆర్‌టీజీ, అంటే ప్లుటోనియం-238 వేడిని థర్మోకపుల్స్‌తో కరెంటుగా మార్చే పెట్టె. శని చుట్టూ తిరిగిన కసీనీ మూడు మోసింది, న్యూ హొరైజన్స్ ఒకటి. ఆ రకం ఒక్కోటి 57 కిలోల బరువు, లోపల దాదాపు 11 కిలోల ప్లుటోనియం ఆక్సైడ్ ఉంటుంది. తాజా ఇంధనంతో సుమారు 4400 వాట్ల వేడి పుడితే 290 వాట్ల దాకా కరెంటు వస్తుంది. సామర్థ్యం ఆరేడు శాతమే. దీన్ని చూసి నిరాశ పడకండి, మిగతా వేడి వృథా కాదు. హైడ్రజీన్ 2 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. ట్యాంకులు, పైపులు వెచ్చగా ఉంచడానికి ఆ వేడే పనికొస్తుంది. ఆ వేడి చేరని మూలల్లో, థ్రస్టర్ వాల్వుల దగ్గర, ఒక వాట్ వేడినిచ్చే చిన్న రేడియోఐసోటోప్ హీటర్లు పెడతారు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే తప్పు ఒకటుంది. ప్రయోగం రోజు ఉన్న వాట్లను బడ్జెట్‌లో రాసుకుంటారు. ప్లుటోనియం-238 అర్ధాయువు 87.7 ఏళ్లు కాబట్టి 13 ఏళ్లలో 10 శాతమే తగ్గుతుందని చూసి ధీమాగా ఉంటారు. కానీ థర్మోకపుల్స్ కూడా అరుగుతాయి. వోయేజర్లు 1977లో 470 వాట్లతో బయల్దేరాయి, వోయేజర్-2 1989లో నెప్ట్యూన్ చేరేసరికి దాదాపు 370. అంటే 12 ఏళ్లలో 21 శాతం పోయింది. మీరు రెండు ఆర్‌టీజీలు, 580 వాట్లతో మొదలుపెడితే చేరేటప్పటికి 450 నుంచి 460 అని రాసుకోండి. పరిశోధన కాలం చివరి సంవత్సరానికి ఇంకో ఐదారు శాతం కోయండి. పరికరాల పట్టిక ఆ చివరి అంకెలో ఇమడాలి.

రెండో చిక్కు మీ చేతిలో లేనిది. రెండింటికి 22 కిలోల ప్లుటోనియం ఆక్సైడ్ కావాలి. అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యమే ఏడాదికి కిలోన్నర. కరెంటు విషయంలో పిసినారితనం అక్కడి నుంచే వస్తుంది.

ఇక అసలు ముచ్చట, ఆగడం. యురేనస్‌ను దాటుకుంటూ పోవడం వేరు, దాని చుట్టూ కట్టుబడి తిరగడం వేరు. వోయేజర్-2 1986 జనవరి 24న దాటుకుంటూనే పోయింది. ఇప్పటిదాకా యురేనస్ దగ్గరికి పోయిన నౌక అదొక్కటే. ఆగడానికి ఎంత వేగం చంపుకోవాలన్నది మీరు ఎంత తొందరపడ్డారన్న దాని మీద ఆధారపడుతుంది.

లెక్క చేయండి. యురేనస్ కేంద్రం నుంచి 27,000 కిలోమీటర్ల దూరంలో, అంటే మబ్బుల పైన దాదాపు 1400 కిలోమీటర్ల ఎత్తులో ఇంజిన్ మండిస్తామనుకుందాం. అక్కడ పలాయన వేగం, అంటే గ్రహం పట్టు నుంచి తప్పించుకునే వేగం, సెకనుకు 20.7 కిలోమీటర్లు. మీరు దూరం నుంచి ఏ సాపేక్ష వేగంతో వస్తున్నారో దాని వర్గాన్ని పలాయన వేగం వర్గానికి కలిపి వర్గమూలం తీస్తే, ఆ బిందువు దగ్గర మీ వేగం వస్తుంది. అందులోంచి 20.7 తీసేస్తే కనీసం చంపాల్సిన వేగం తెలుస్తుంది. ఇంధనం తక్కువ పట్టే హోమన్ దారిలో పోతే 16 ఏళ్లు పడుతుంది, సాపేక్ష వేగం 4.7, బ్రేకు 0.5 కిలోమీటర్లు. సాపేక్ష వేగం 7 అయితే బ్రేకు 1.15. పది అయితే 2.3. వోయేజర్-2 ఎనిమిదిన్నర ఏళ్లలో చేరినప్పుడు దాని సాపేక్ష వేగం 15కు దగ్గర. ఆ వేగానికి బ్రేకు 4.9.

దీన్ని ఇంధనంగా మార్చండి. మామూలు ద్వి-ఇంధన ఇంజిన్‌కు ఐఎస్‌పీ (ఇంధనం ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే కొలత) 320 సెకన్లు, అంటే పొగ బయటికి వచ్చే వేగం 3.14 కిలోమీటర్లు. 0.5 కిలోమీటర్ల బ్రేకుకు నౌక బరువులో 15 శాతం ఇంధనం చాలు. 2.3కు సగం పైన. 4.9కు 79 శాతం. మీ 500 కిలోల నౌకలో 395 కిలోలు ఇంధనానికే పోతే మిగిలేది 105. అందులో ఒక్క ఆర్‌టీజీకే 57. ట్యాంకు, ఇంజిన్, డిష్, కంప్యూటర్, కెమెరా అన్నీ 48 కిలోల్లో పెట్టగలరా? న్యూ హొరైజన్స్ అంత తేలికగా ఉండగలిగింది ప్లూటో దగ్గర ఆగే పని పెట్టుకోలేదు కాబట్టే. 2015 జూలై 14న సెకనుకు దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో దాటిపోయింది.

కాబట్టి ఎనిమిదేళ్ల కోరిక వదలండి. 2022లో అమెరికా శాస్త్రవేత్తల దశాబ్ద సర్వే పెద్ద మిషన్లలో మొదటి స్థానం ఇచ్చిన యురేనస్ ఆర్బిటర్ ప్రతిపాదన కూడా బృహస్పతి గురుత్వ సహాయంతో, అంటే దాని పక్క నుంచి పోతూ దాని లాగుడుతో వేగం పెంచుకొని, దాదాపు 13 ఏళ్ల ప్రయాణమే అనుకుంది, 2031-32 ప్రయోగానికి. బృహస్పతి, యురేనస్ ఒకదానికొకటి మళ్లీ అదే స్థితికి రావడానికి 13.8 ఏళ్లు పడుతుంది. ఆ కిటికీ తప్పితే ఇంకో తరం విద్యార్థులు ఈ లెక్క వేసుకోవాలి. శుక్రుడి సహాయం కూడా కలుపుకోవచ్చు కానీ అక్కడ ఎండ భూమి కంటే రెండింతలు. చలికి కట్టిన నౌకను ముందు ఎండలో కాల్చడం అన్నమాట. కసీనీ తన 4 మీటర్ల డిష్‌నే గొడుగులా సూర్యుడి వైపు పట్టుకొని ఆ గండం గట్టెక్కింది.

వాతావరణాన్ని రాసుకుంటూ ఒక్క మునకలో ఆగే ఏరోక్యాప్చర్ అందంగా కనిపిస్తుంది. ఇప్పటిదాకా ఏ గ్రహం దగ్గరా ఎవరూ చేయలేదు. యురేనస్ పై వాతావరణం సాంద్రత మీకు ఖచ్చితంగా తెలియకుండా దాని మీద నౌకనంతా పందెం కాయడం నాకైతే నచ్చదు. నివేదికలో ప్రత్యామ్నాయంగా ఒక పేరా రాయండి, అది చాలు.

ఆగిన తర్వాత కూడా యురేనస్ సాయం చేయదు. శని దగ్గర కసీనీకి టైటన్ అనే పెద్ద చందమామ ఉంది, నూరుసార్లకు పైగా దాన్ని దాటుతూ ఆ గురుత్వంతోనే కక్ష్యలు మార్చుకుంది. యురేనస్ చందమామల్లో పెద్దదైన టిటానియా ద్రవ్యరాశి టైటన్‌లో నలభయ్యో వంతు. నెట్టడానికి బలం చాలదు కాబట్టి చందమామల మధ్య తిరగడానికి సొంత ఇంధనం ఎక్కువ మోయాలి. గ్రహం 98 డిగ్రీలు ఒరిగి ఉండటం ఇంకో తిరకాసు. వోయేజర్ వచ్చిన 1986లో దక్షిణ ధ్రువం సూర్యుడి వైపు ఉంది, చందమామల ఉత్తర భాగాలు చీకట్లోనే ఉండిపోయాయి. ఎండ రెండు అర్ధగోళాల మీదా సమానంగా పడే విషువత్తు 2007లో వచ్చింది, మళ్లీ 2049 ప్రాంతంలో వస్తుంది. మీరు 2045లో చేరితే రెండు వైపులా చూడొచ్చు. తేదీ ఎంచుకోవడానికి ఇదొక మంచి కారణం.

ఇప్పుడు డేటా. ఎక్స్ బ్యాండ్ అనే రేడియో పట్టీ, 8.4 గిగాహెర్ట్జ్, 20 వాట్ల ట్రాన్స్‌మిటర్, మీ 3 మీటర్ల డిష్, భూమి మీద 34 మీటర్ల డిష్ తీసుకుందాం. (బెంగళూరు దగ్గర బ్యాలాలులోని ఇస్రో 32 మీటర్ల డిష్ అయినా తేడా అర డెసిబెల్.) 20 వాట్లు అంటే 13 డెసిబెల్-వాట్ (ప్రతి పది డెసిబెల్స్‌కు బలం పదింతలు). మీ డిష్ లాభం 46, కలిపితే 59. 20 ఖగోళ ప్రమాణాల (సూర్యుడి నుంచి భూమికి ఉన్న దూరం ఒక ప్రమాణం) దూరంలో పోయేది 300 డెసిబెల్స్, అంటే ఒకటి పక్కన ముప్పై సున్నాలతో భాగించినట్టు. భూమి డిష్ 68 తిరిగిస్తుంది. చిల్లర నష్టాలకు ఒకటిన్నర తీసేయండి. మిగిలేది మైనస్ 174.5. ఒక వాట్‌ను వంద కోట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ వంద కోట్ల ముక్కలు చేస్తే, వాటిలో మూడున్నర ముక్కలన్నమాట.

రిసీవర్ వ్యవస్థ శబ్ద ఉష్ణోగ్రత 30 కెల్విన్ అయితే శబ్దం హెర్ట్జ్‌కు మైనస్ 213.8. తేడా 39.3. తప్పులు సరిదిద్దే టర్బో కోడ్‌కు 1, మార్జిన్‌కు 3 డెసిబెల్స్ పక్కన పెడితే 35.3 మిగులుతుంది, అంటే సెకనుకు 3400 బిట్లు. రోజుకు ఎనిమిది గంటలు వింటే 12 మెగాబైట్లు. మేడారం జాతరలో తీసి వాట్సాప్‌లో పంపిన చిన్న వీడియో అంత. మీరు అడిగిన 1 జీబీ దిగాలంటే 80 రోజులు పైనే పడుతుంది. న్యూ హొరైజన్స్ ప్లూటో డేటా మొత్తం ఆరు జీబీల చిల్లరే, అది దిగడానికి 15 నెలలు పట్టింది.

32 గిగాహెర్ట్జ్ కా బ్యాండ్‌కు మారితే కాగితం మీద 11.6 డెసిబెల్స్ లాభం. వానకు, అదనపు శబ్దానికి, గురి తప్పడానికి పోను 6 మిగిలిందనుకోండి, నాలుగింతలు. కానీ బీమ్ వెడల్పు 0.83 డిగ్రీల నుంచి 0.22కు తగ్గుతుంది. ఇక్కడ పైలం: ఎక్స్ బ్యాండ్‌లో క్షమించే గురి పొరపాటు కా బ్యాండ్‌లో లింకునే మింగేస్తుంది. కెమెరా నౌకకే బిగించి ఉంటే ఫొటో తీయడానికి నౌక మొత్తం తిరగాలి, ఆ సమయంలో డిష్ భూమి వైపు ఉండదు. తీసే గంటలు, పంపే గంటలు విడివిడిగా లెక్కించండి. 1024 పిక్సెళ్ల చదరం, 12 బిట్ల ఫొటో ఒకటి కుదించాక 5 మెగాబిట్లు అనుకుంటే ఎక్స్ బ్యాండ్‌లో రోజుకు ఇరవై ఫొటోలు, కా బ్యాండ్‌లో ఎనభై. ఏ ఫొటో పంపాలో ఎంచే పద్ధతి ముందే రాసుకోవాలి.

వెలుతురు గురించి మాత్రం అంత భయం అక్కర్లేదు. అక్కడి మిట్టమధ్యాహ్నం మన ట్యూబ్‌లైట్ గదిలా ఉంటుంది. ఎక్స్‌పోజర్ పెంచితే ఫొటో వస్తుంది. కానీ ఆ సేపట్లో చందమామ కదిలిపోయి చెదురుతుంది కాబట్టి నౌకనే దానితో పాటు మెల్లగా తిప్పాలి. వోయేజర్-2 చేసింది అదే.

ఏం చెడిపోతుందన్న అధ్యాయం మీ నివేదికలో లేదు. పరీక్షకులు మొదట వెతికేది దాన్నే. కక్ష్యలో ఆగే మంటతో మొదలుపెట్టండి. కసీనీకి 445 న్యూటన్ల ఇంజిన్‌తో 2004లో 96 నిమిషాలు మండితే వచ్చింది సెకనుకు 626 మీటర్ల మార్పు. రెండు టన్నుల లోపు నౌకలో అలాంటి ఇంజిన్ 1.15 కిలోమీటర్లు తగ్గించాలంటే 70 నిమిషాల దాకా మండాలి. ఆలోగా నౌక 80,000 కిలోమీటర్లు పైగా పోతుంది. అంటే మంటలో చాలా భాగం అత్యంత దగ్గరి బిందువుకు దూరంగా, తక్కువ ఫలితంతో మండుతుంది. రెండు ఇంజిన్లు కలిపి వాడండి, లేదా ఇంధనానికి కొంత అదనం రాయండి. మాట అటు చేరడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది కాబట్టి మంట మధ్యలో కంప్యూటర్ తడబడితే భూమి నుంచి చేయగలిగింది ఏమీ లేదు. నౌకే తేరుకొని, రెండో ఇంజిన్‌తో మిగిలిన మంట పూర్తి చేయాలి. సాధారణ సేఫ్ మోడ్ నియమం "అన్నీ ఆపు, భూమిని పిలువు" అంటుంది. ఈ ఒక్క గంటలో ఆ నియమమే నౌకను చంపుతుంది.

వాల్వులు పదమూడేళ్లు పడుకొని లేవాలి. జూనోలో 2016 అక్టోబరులో రెండు హీలియం వాల్వులు తెరుచుకోవడానికి మొరాయించాయి. 14 రోజుల కక్ష్యకు దిగే మంట రద్దయింది, నౌక 53 రోజుల కక్ష్యలోనే ఉండిపోయింది. పరిశోధన మాత్రం నడిచింది, ఎందుకంటే పెద్ద కక్ష్యలోనూ దగ్గరికి వచ్చినప్పుడు జరిగే కొలత అదే. మీరు కూడా మొదట పడే పెద్ద కక్ష్యలోనే కనీస పరిశోధన పూర్తయ్యేలా చూసుకోండి.

మడిచిన యాంటెన్నా జోలికి పోకండి. బృహస్పతికి పోయిన గెలీలియో నౌక 4.8 మీటర్ల గొడుగు యాంటెన్నాకు 18 ఊచలు. 1991లో విప్పితే కొన్ని ఇరుక్కున్నాయి. ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం వల్ల ప్రయోగం ఏళ్లు ఆలస్యమై, ట్రక్కుల మీద దేశం అటూఇటూ తిరగడంలో పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయిందని తేలింది. సెకనుకు 134 కిలోబిట్లు పంపాల్సింది చిన్న యాంటెన్నాతో, కొత్త కుదింపు సాఫ్ట్‌వేర్‌తో 160 బిట్లకు మించలేదు. 3 మీటర్ల బిగుతు డిష్ చిన్నదే అయినా విప్పే పని లేదు.

ఇంకో రకం తప్పు పరీక్షలో దొరకాల్సింది. టైటన్ మీదికి దిగే హైగెన్స్ ప్రోబ్ మాటలు వినాల్సిన కసీనీ రిసీవర్, క్యారియర్ ఫ్రీక్వెన్సీ డాప్లర్ మార్పును (వేగం వల్ల తరంగం సాగడం, కుంచించుకుపోవడం) తట్టుకుంది కానీ అదే డాప్లర్ వల్ల బిట్ రేటు కూడా మారుతుందన్న సంగతిని తట్టుకోలేదు. నౌక ఆకాశంలో ఉండగా 2000లో చేసిన పరీక్షలో బయటపడింది. కసీనీ దారిని దూరం జరిపి సాపేక్ష వేగం తగ్గించి గట్టెక్కించారు. అయినా 2005 జనవరి 14న రెండు ఛానెళ్లలో ఒకదాని రిసీవర్‌కు స్థిర ఆసిలేటర్ ఆన్ చేసే కమాండ్ జాబితాలో లేక దాదాపు 350 ఫొటోలు పోయాయి. మీరు యురేనస్‌లోకి ప్రోబ్ వదిలే ఆలోచన ఉంటే ఈ రెండూ పరీక్ష జాబితాలో పెట్టండి. న్యూ హొరైజన్స్ కూడా ప్లూటోకు పది రోజుల ముందు సేఫ్ మోడ్‌లోకి పోయింది. డేటా కుదించడం, కమాండ్లను ఫ్లాష్ మెమరీలో రాయడం ఒకేసారి పెట్టడంతో కంప్యూటర్ మీద భారం మించింది.

వీటన్నిటితో మీ డిజైన్ ఇలా మారుతుంది. ప్రయాణం 13 ఏళ్లు. ఆగడానికి 1.15, దారి సవరణలకు 0.4, చందమామల మధ్య తిరుగుడుకు 0.45, మొత్తం 2 కిలోమీటర్ల వేగం మార్పు. అంటే బరువులో 47 శాతం ఇంధనం. ఖాళీ నౌక 1000 కిలోలు అయితే నింపినది దాదాపు 1900. ఆర్‌టీజీలు రెండు, చేరేటప్పటికి 450 వాట్లు. కా బ్యాండ్‌తో రోజుకు 50 మెగాబైట్లు. రాకెట్‌ను చివర్న ఎంచండి. నేరుగా హోమన్ దారికి భూమిని వదిలేటప్పుడే సెకనుకు 11.3 కిలోమీటర్ల అదనపు వేగం కావాలి. భూస్థిర బదిలీ కక్ష్యకు నాలుగు టన్నులు మోసే ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం-3కి 1900 కిలోలతో అది తలకు మించిన పని. భూమి, శుక్రుడి సహాయాలు ఎన్ని కలిపితే ఆ అవసరం ఎంత దిగుతుంది, దానికి ఎన్నేళ్లు పెరుగుతాయి అన్న పట్టిక వేసి, పెరిగిన ప్రతి ఏడాదికీ ఆర్‌టీజీలో రెండు శాతం కోసి మళ్లీ మొదటి నుంచి లెక్క తిప్పండి. మూడు నాలుగు సార్లు తిప్పితే అంకెలు కదలడం ఆగుతాయి. సార్ దగ్గరికి అప్పుడు తీసుకెళ్లండి.